ఇంటి ప్రింటర్‌కు కంపాటిబుల్ కార్ట్రిడ్జ్ ఎంచుకోవడం ఎలా? ముందు ప్రింట్ హెడ్ ఎక్కడుందో చూడండి

ఇంక్ అయిపోయిందని షాపుకెళ్తారు. ఒరిజినల్ కార్ట్రిడ్జ్ ధర వింటే ఇంకొంచెం వేసుకుంటే కొత్త ప్రింటరే వస్తుంది కదా అనిపిస్తుంది. ఈలోగా షాపతను ఇంకో డబ్బా కౌంటర్ మీద పెడతాడు. "ఇది కూడా సేమే సార్, కంపాటిబుల్, సగం రేటు." కంపాటిబుల్ అంటే ప్రింటర్ కంపెనీది కాకుండా, అదే ప్రింటర్‌లో పనిచేసేలా బయటివాళ్లు అమ్మే కార్ట్రిడ్జ్. షాపతని మాట ఒక్కోసారి నిజమే. ఒక్కోసారి మాత్రం ఆ సగం రేటు కోసం ప్రింటర్‌నే పణంగా పెట్టాల్సి వస్తుంది. తేడా కంపెనీ పేరులో లేదు, మీ ప్రింటర్ లోపల ప్రింట్ హెడ్ ఎక్కడుందన్న దాంట్లో ఉంది. అందుకే ధర, బ్రాండ్, రివ్యూలు అన్నీ తర్వాత. మూత తెరిచి హెడ్ సంగతి తేల్చుకోవడం మొదటి పని.

1. హెడ్ కార్ట్రిడ్జ్‌లోనా, ప్రింటర్‌లోనా?

ఇంక్‌ను కాగితం మీద సన్నటి చుక్కలుగా చిమ్మే భాగమే ప్రింట్ హెడ్. ఇళ్లలో ఉండే చిన్న ప్రింటర్లను ఈ లెక్కన రెండు రకాలుగా చూడొచ్చు.

మొదటి రకంలో హెడ్ కార్ట్రిడ్జ్‌కే అతికి ఉంటుంది. హెచ్‌పీ డెస్క్‌జెట్ 1112, 2131, 2331, కానన్ పిక్స్‌మా ఎంజీ2570ఎస్ లాంటివన్నీ ఇవే. వీటిలో రెండే కార్ట్రిడ్జ్‌లుంటాయి: ఒకటి నలుపు, రెండోది మూడు రంగులూ కలిసినది. కార్ట్రిడ్జ్‌ను బయటికి తీసి కింది వైపు చూస్తే సన్నటి లోహపు పలక కనిపిస్తుంది. వెనక వైపు రాగి రంగు కాంటాక్టులు వరసగా ఉంటాయి. ఆ పలకే హెడ్. కార్ట్రిడ్జ్ మార్చిన ప్రతిసారీ హెడ్ కూడా కొత్తదే వస్తుంది. ఇక్కడ కంపాటిబుల్ వేసి దెబ్బతిన్నా సాధారణంగా పోయేది ఆ కార్ట్రిడ్జ్ డబ్బులే. దాన్ని తీసేసి ఒరిజినల్ పెడితే ప్రింటర్ మళ్లీ మామూలే. కారి లోపలంతా ఇంక్ అయితే తుడుచుకునే పని ఉంటుంది, అంతే.

రెండో రకంలో హెడ్ ప్రింటర్‌లో ఉంటుంది. కార్ట్రిడ్జ్ అంటే ఉత్త ఇంక్ డబ్బా, దాని మీద చిన్న చిప్. రంగుకొకటి చొప్పున నాలుగు, అంతకన్నా ఎక్కువ కార్ట్రిడ్జ్‌లున్న ఇంటి ప్రింటర్లు దాదాపు అన్నీ ఈ కోవలోవే. ఎప్సన్, బ్రదర్ మోడళ్లు, విడి ట్యాంకులున్న కానన్ మోడళ్లు ఇలాంటివి. బాటిల్‌తో ఇంక్ పోసే ఎప్సన్ ఎల్ సిరీస్ కూడా ఇంతే. ఇక్కడ నాసిరకం ఇంక్ పోస్తే గడ్డకట్టేది ప్రింటర్ హెడ్‌లోనే. ఎప్సన్‌లో ఆ హెడ్ మార్చాలంటే సర్వీస్ సెంటర్ చెప్పే రేటు విని చాలామంది కొత్త ప్రింటర్ వైపే చూస్తారు. కానన్ జీ సిరీస్, హెచ్‌పీ ఇంక్ ట్యాంక్ మోడళ్లలో కొంత నయం, హెడ్‌ను విడిగా కొని మార్చుకోవచ్చు.

ఈ ఒక్క తేడాతో సగం నిర్ణయం అయిపోతుంది. మొదటి రకం ప్రింటర్ ఉంటే కంపాటిబుల్‌తో ధైర్యంగా ప్రయోగం చేయొచ్చు. రెండో రకం ఉంటే చూసి చూసి, తెలిసిన బ్రాండ్ మాత్రమే వేయాలి. బాటిల్‌తో ఇంక్ పోసే ట్యాంక్ ప్రింటర్ అయితే నా సలహా సూటిగా ఒక్కటే: ఒరిజినల్ బాటిలే కొనండి. ఎప్సన్ ఎల్3110, ఎల్3150 లాంటి వాటికి వాడే 003 నల్ల బాటిల్ 65 మిల్లీలీటర్లు, కంపెనీ లెక్క ప్రకారం దాదాపు 4,500 పేజీలు. పేజీకి పైసల్లో పడే ఖర్చును ఇంకా తగ్గించుకోవాలని హెడ్‌ను ప్రమాదంలో పెట్టడం నాకైతే అర్థం లేని పనిగా కనిపిస్తుంది.

2. నంబర్ కలవాలి, ఆకారం కాదు

కార్ట్రిడ్జ్‌ను ప్రింటర్ పేరుతో కాదు, కార్ట్రిడ్జ్ నంబర్‌తో అడగాలి. "హెచ్‌పీ డెస్క్‌జెట్‌కి ఇంక్" అంటే షాపులో పది రకాలు తీస్తారు. ఇప్పుడు ప్రింటర్‌లో ఉన్న కార్ట్రిడ్జ్ మీది స్టిక్కర్ చూడండి, లేదా మూత లోపలి వైపు చూడండి. చాలా మోడళ్లలో నంబర్ అక్కడే రాసి ఉంటుంది. ఫోన్‌లో ఫొటో తీసుకుని వెళ్తే ఇంకా మంచిది.

మన దగ్గర ఎక్కువగా కనిపించేవి ఇవి. డెస్క్‌జెట్ 1112, 2131, 2132, 2623 లకు హెచ్‌పీ 803. డెస్క్‌జెట్ 1212, 2331, 2332, 2723 లకు 805. ఇంక్ అడ్వాంటేజ్ అని పేరున్న 2135, 3635, 3835 లకు 680. పాత ఇంక్ అడ్వాంటేజ్ 1515, 2515, 2545 లకు 678. ఆ తర్వాత వచ్చిన 2335, 2338, 2775, 4175 లకు 682. కానన్ ఎంజీ2470, ఎంజీ2570ఎస్, టీఎస్207, టీఎస్307 లకు నలుపు పీజీ-745, రంగులు సీఎల్-746. కానన్ ఈ410, ఈ470 లకు పీజీ-47, సీఎల్-57.

ఇక్కడొక తిరకాసు ఉంది. 803, 680 పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉంటాయి. ఒకదాని చోట ఇంకొకటి చక్కగా దూరుతుంది కూడా. కానీ ప్రింటర్ ఒప్పుకోదు. కార్ట్రిడ్జ్ లోపలి ఎలక్ట్రానిక్ గుర్తింపు వేరు కాబట్టి ఇన్‌కంపాటిబుల్ అని మెసేజ్ ఇస్తుంది. "పడుతుంది సార్, చూడండి" అని షాపతను బిగించి చూపించినా నమ్మకండి. పట్టడం వేరు, ప్రింట్ రావడం వేరు.

అమెరికా నుంచి ప్రింటర్ తెచ్చుకున్నవాళ్లు, తల్లిదండ్రులకు అక్కడి నుంచి పంపినవాళ్లు ఇది ప్రత్యేకంగా గమనించాలి. హెచ్‌పీ ఒకే తరం కార్ట్రిడ్జ్‌ను ప్రాంతానికో నంబర్‌తో అమ్ముతుంది. అమెరికాలో 67, యూరప్‌లో 305, లాటిన్ అమెరికాలో 667, మన దగ్గర 805, 682. కానన్ కూడా అంతే: అమెరికాలో పీజీ-245, యూరప్‌లో పీజీ-545, ఇక్కడ పీజీ-745. డాలస్‌లో కొన్న ప్రింటర్‌ను గుంటూరు తెస్తే, దానికి 67 కావాలి. ఇక్కడి షాపుల్లో దొరికేది 805. ఆన్‌లైన్‌లో దిగుమతి ధర పెట్టి తెప్పించుకోవడం కన్నా ఇక్కడే చిన్న ప్రింటర్ కొనుక్కోవడం చవక.

నంబర్ వెనక ఉండే ఎక్స్‌ఎల్, ఎస్ అక్షరాల గురించి పెద్దగా కంగారు అక్కర్లేదు. పీజీ-745ఎస్, 745, 745ఎక్స్‌ఎల్ మూడూ ఒకే ప్రింటర్‌లో పనిచేస్తాయి. లోపల ఇంక్ ఎంతన్నదే తేడా. ధరలు పోల్చేటప్పుడు మాత్రం ఎస్‌ను ఎస్‌తోనే పోల్చాలి.

3. కంపాటిబుల్ పేరుతో మీకిస్తున్నది నిజంగా ఏమిటి?

ఒకే పేరు కింద నాలుగు రకాల సరుకు తిరుగుతుంది.

ఒకటి, వేరే కంపెనీ మొదటి నుంచీ తయారుచేసిన కొత్త కార్ట్రిడ్జ్. హెడ్ లేని ఇంక్ డబ్బాల్లో ఇది మామూలు. ప్లాస్టిక్ డబ్బా, స్పాంజి, చిప్ చేయడం పెద్ద కష్టం కాదు.

రెండు, రీమాన్యుఫాక్చర్డ్. హెడ్ ఉన్న 803, 805, 745 లాంటి వాటిలో దాదాపు అంతా ఇదే. ఆ హెడ్‌ను బయటివాళ్లు తయారుచేయడం కష్టం కాబట్టి వాడేసిన ఒరిజినల్ కార్ట్రిడ్జ్‌లను సేకరించి, శుభ్రం చేసి, ఇంక్ నింపి, పరీక్షించి, కొత్త స్టిక్కర్ వేస్తారు. అంటే డబ్బా మీద కొత్తది అని రాసున్నా లోపలి హెడ్ ఇదివరకు ఎవరింట్లోనో పనిచేసిందే. ఎన్నిసార్లు నింపారన్నదే అసలు ప్రశ్న. ఒక్కసారే వాడిన ఖాళీ కార్ట్రిడ్జ్‌ను వ్యాపారంలో వర్జిన్ ఎంప్టీ అంటారు. వాటితో చేసినవైతే మన్నిక బాగుంటుంది. మూడు నాలుగు సార్లు నింపినదైతే చారలు మొదలవుతాయి.

మూడు, రీఫిల్. మీ ఖాళీ కార్ట్రిడ్జ్‌లోనే సిరంజితో ఇంక్ ఎక్కిస్తారు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి మండల కేంద్రంలోని కంప్యూటర్ షాపు దాకా ఈ పని చేసేవాళ్లుంటారు. హెడ్ చరిత్ర మీకు తెలుసు కాబట్టి, చేయి తిరిగిన మనిషి దొరికితే గుర్తుతెలియని రీమాన్యుఫాక్చర్డ్ కన్నా నేను దీన్నే ఇష్టపడతాను. అయితే ఒక షరతు. హెచ్‌పీ, కానన్ హెడ్‌లు వేడితో పనిచేస్తాయి. ఇంక్‌లో బుడగ పుట్టించి చుక్కను బయటికి తోస్తాయి. ఆ వేడిని లాక్కునేది కూడా ఇంకే. ఇంక్ అయిపోయాక "ఇంకో రెండు పేజీలు వస్తాయేమో" అని కొట్టిస్తూ పోతే హెడ్ కాలిపోతుంది. రీఫిల్ చేయించాలనుకుంటే అక్షరాలు మసకబారిన మొదటి పేజీ దగ్గరే ఆపేయాలి. ఖాళీ అయ్యాక నెలలు పక్కన పడేసినా లోపల ఎండిపోతుంది.

నాలుగు, నకిలీ. హెచ్‌పీ అనో కానన్ అనో డబ్బా ముద్రించి ఒరిజినల్‌గా అమ్మేది. కంపాటిబుల్ తన సొంత పేరుతో వస్తుంది, అది చట్టబద్ధమైన వ్యాపారమే. ఇది మాత్రం మోసం. "ఒరిజినల్, సగం ధర" అని కనిపిస్తే అనుమానించండి. హెచ్‌పీ డబ్బా మీద సీల్ స్టిక్కర్, దాని మీద క్యూఆర్ కోడ్ ఉంటాయి. స్కాన్ చేసి చూడండి. డబ్బా లేకుండా విడిగా అమ్మే సెటప్ కార్ట్రిడ్జ్‌లతోనూ జాగ్రత్త. అవి కొత్త ప్రింటర్‌తో పాటు వచ్చేవి. కొన్ని మోడళ్లలో ఇప్పటికే వాడుకలో ఉన్న ప్రింటర్ వాటిని తీసుకోదు.

4. ప్రింటర్ తలుపు తీస్తుందా?

రెండో రకం ప్రింటర్లలో చిప్ ఉంటుందని చెప్పాను కదా. ప్రింటర్ సాఫ్ట్‌వేర్ ఆ చిప్‌ను చదివి ఒప్పుకోవాలో వద్దో తేలుస్తుంది. హెచ్‌పీ దీన్ని డైనమిక్ సెక్యూరిటీ అంటుంది. 2016 సెప్టెంబర్ 13న చాలా ఆఫీస్‌జెట్ ప్రింటర్లు అంతకుముందు రోజు దాకా వాడుతున్న కంపాటిబుల్ కార్ట్రిడ్జ్‌లను ఒక్కసారిగా తిరస్కరించాయి. గొడవ పెద్దదై కంపెనీ క్షమాపణ చెప్పింది, ఆ లాక్ లేని ఫర్మ్‌వేర్‌ను (ప్రింటర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్‌ను) విడిగా ఇచ్చింది. కానీ ఆ పద్ధతిని మానలేదు. ఇప్పటికీ చాలా మోడళ్ల డబ్బా మీద, హెచ్‌పీ చిప్ లేని కార్ట్రిడ్జ్‌లు పనిచేయకపోవచ్చని రాసి ఉంటుంది.

అందుకని మీది హెచ్‌పీ అయితే కొనేముందు మూడు సంగతులు చూసుకోండి. మోడల్ నంబర్ చివర ఇంగ్లిష్ అక్షరం ఈ (e) ఉంటే (ఉదాహరణకు 2755ఈ), అది హెచ్‌పీ ప్లస్ పథకం కోసం చేసిన ప్రింటర్. సెటప్ చేసేటప్పుడు ఆ పథకాన్ని ఒప్పుకుని ఉంటే ఆ ప్రింటర్ ఉన్నంతకాలం హెచ్‌పీ ఇంకే వాడాలి, ఇంటర్నెట్‌కు కనెక్ట్ అయి ఉండాలి. ఇక కంపాటిబుల్ ఆలోచన మానుకోవడమే. అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇళ్లలో ఇవి ఎక్కువ.

రెండోది ఫర్మ్‌వేర్ అప్‌డేట్. వైఫై ప్రింటర్ అయితే దాని ఐపీ అడ్రస్‌ను (మీ నెట్‌వర్క్‌లో ప్రింటర్‌కు ఉండే నంబర్‌ను) బ్రౌజర్‌లో కొడితే సెట్టింగ్స్ పేజీ తెరుచుకుంటుంది. అక్కడ ప్రింటర్ అప్‌డేట్స్ అన్న చోట ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేయొచ్చు. దీనికో నష్టం ఉంది, భద్రతకు సంబంధించిన మార్పులు కూడా రావు. ఇంటి వాడకానికి ఫర్వాలేదనేది నా అభిప్రాయం, ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉన్న ప్రింటర్‌కు మాత్రం ఆ పని చేయను.

మూడోది కార్ట్రిడ్జ్ ప్రొటెక్షన్. ఈ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే కార్ట్రిడ్జ్ మీ ప్రింటర్‌కే కట్టుబడిపోతుంది, ఇంకో ప్రింటర్‌లో పనిచేయదు. రీమాన్యుఫాక్చర్డ్ కొన్నప్పుడు ప్రొటెక్టెడ్ అని మెసేజ్ వస్తే, ఆ కార్ట్రిడ్జ్‌ను పాత యజమాని ప్రింటర్ తాళం వేసుకుందని అర్థం. మీరు చేయగలిగింది ఏమీ లేదు, తిరిగి ఇచ్చేయండి. మీ దాంట్లో ఈ సెట్టింగ్ ఇప్పుడే ఆపేసి పెట్టుకోండి.

5. ఇంక్‌లో డై వేరు, పిగ్మెంట్ వేరు

డై ఇంక్ అంటే నీళ్లలో కరిగిన రంగు. కాగితంలోకి ఇంకుతుంది, ఫొటోల్లో రంగులు మెరుస్తాయి, తడి తగిలితే పారుతుంది. పిగ్మెంట్‌లో సన్నటి రంగు రేణువులు తేలుతుంటాయి. కాగితం పైనే నిలిచి నలుపు చిక్కగా వస్తుంది, తడిని తట్టుకుంటుంది. కానన్ పీజీ నంబర్లు పిగ్మెంట్ నలుపు, సీఎల్, సీఎల్ఐ నంబర్లు డై. హెచ్‌పీ జీటీ53 నల్ల బాటిల్ పిగ్మెంట్, జీటీ52 రంగులు డై.

చవక కంపాటిబుల్స్‌లో తరచూ జరిగేది పిగ్మెంట్ నలుపు ఉండాల్సిన చోట డై నలుపు నింపడం. ప్రింట్ వస్తుంది, కానీ అక్షరాల అంచులు కాగితంలో పీచులా పాకుతాయి, నలుపు కాస్త బూడిదగా కనిపిస్తుంది. అప్లికేషన్ ఫారాలు, హాల్ టికెట్లు, అఫిడవిట్లు ప్రింట్ చేసుకునేవాళ్లకు ఇది ముఖ్యం. వానలో తడిసిన హాల్ టికెట్ పరీక్ష హాలు గేటు దగ్గర చదవడానికి రాకపోతే ఆ టెన్షన్ ఎవరికి కావాలి? దీనికి తిరగేసినది ఇంకా ప్రమాదం: డై కోసం చేసిన హెడ్‌లో పిగ్మెంట్ పోస్తే రంధ్రాలు మూసుకుపోవచ్చు. బాటిల్ కొంటుంటే సబ్లిమేషన్ ఇంక్ కాదని కూడా చూసుకోండి. మగ్గుల మీద, టీషర్ట్‌ల మీద బొమ్మలు వేసే ఆ ఇంక్‌ను కూడా ఎప్సన్ ఎల్ సిరీస్ పేరుతోనే అమ్ముతుంటారు.

6. పేజీ లెక్క

డబ్బా మీది పేజీల సంఖ్యను కంపెనీలు ఐఎస్ఓ/ఐఈసీ 24711 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, వరసగా ప్రింట్ చేస్తూ లెక్కిస్తాయి. మన ఇళ్లలో వారానికి నాలుగు పేజీలు కొడతాం, మధ్యలో క్లీనింగ్‌కు ఇంక్ పోతుంది. కాబట్టి అంత రాదు. పోల్చడానికి మాత్రం పనికొస్తుంది. హెచ్‌పీ 680 నలుపు దాదాపు 480 పేజీలు, 805 నలుపు 120 చుట్టుపక్కల. రెండూ చూడ్డానికి అంతే ఉంటాయి!

లెక్క ఇలా వేయండి. ఒరిజినల్ 960 రూపాయలు, 480 పేజీలు అనుకుందాం, పేజీకి 2 రూపాయలు. కంపాటిబుల్ 600 అనుకుంటే పేజీకి రూపాయి పావలా. బాగుంది. కానీ కొన్న నాలుగింటిలో ఒకటి పనిచేయక, తిరిగి తీసుకోకపోతే? 2,400 పెట్టి మూడు వాడుకున్నట్టు, ఒక్కోటి 800 పడింది. మిగులు 360 నుంచి 160కి దిగిపోయింది. అందుకే రిటర్న్ లేని కంపాటిబుల్‌కు, ఒరిజినల్‌లో మూడో వంతు కన్నా ఎక్కువ పెట్టడం నాకు నచ్చదు. మూడు నెలలో, ఆరు నెలలో రీప్లేస్‌మెంట్ రాతపూర్వకంగా ఇచ్చే బ్రాండ్‌కు కొంచెం ఎక్కువ ఇవ్వొచ్చు.

7. కొనేటప్పుడు అడగాల్సినవి

షాపులో అయితే ఏ ప్రింటర్‌లో టెస్ట్ చేశారో అడగండి, టెస్ట్ ప్రింట్ చూపించమనండి. బిల్లు మీద కార్ట్రిడ్జ్ నంబర్ రాయించుకోండి. ఆన్‌లైన్‌లో అయితే స్టార్లు చూడకండి, ఒక స్టార్ ఇచ్చినవాళ్ల రివ్యూలు చదవండి. "డబ్బా లీక్" అంటే ప్యాకింగ్ లోపం కావచ్చు. "అప్‌డేట్ తర్వాత పనిచేయట్లేదు" అని మీ మోడల్‌వాళ్లే రాస్తే ఆ చిప్ పాతది. కొత్త రివ్యూలకే విలువ ఇవ్వండి, ఎందుకంటే ఫర్మ్‌వేర్ మారుతుంటుంది. ఒకేసారి నాలుగు కొని దాచుకోవడం కూడా ఇదే కారణంతో మంచిది కాదు. మొదట ఒక్క నల్లదే కొని చూడండి.

వారంటీ గురించి షాపుల్లో రెండు వైపులా అతి చెబుతారు. హెచ్‌పీ వారంటీ పత్రం ప్రకారం, బయటి కార్ట్రిడ్జ్ వాడినంత మాత్రాన వారంటీ పోదు. పాడైంది దాని వల్లే అని తేలితే మాత్రం ఆ రిపేరు ఖర్చు మీదే. ప్రింటర్ కొన్న మొదటి ఏడాది ఒరిజినల్‌తోనే గడిపేస్తే ఈ వాదన అసలు రాదు.

8. పెట్టేటప్పుడు, పరీక్షించేటప్పుడు

ప్రింటర్ ఆన్‌లో ఉండగానే మూత తెరవండి. కార్ట్రిడ్జ్ బండి మధ్యకు వచ్చి ఆగాక పాతది తీయండి. కొత్తదాని హెడ్ మీది టేప్ మాత్రమే పీకాలి. రాగి కాంటాక్టులను, హెడ్ పలకను వేలితో ముట్టకండి.

బిగించే ముందు చిన్న పరీక్ష. టిష్యూ పేపర్‌ను మడతపెట్టి టేబుల్ మీద ఉంచి, హెడ్ వైపు దాని మీద రెండు సెకన్లు ఆనించండి. నల్లదైతే స్పష్టమైన నల్ల గీత పడాలి. రంగులదైతే నీలం, గులాబీ, పసుపు మూడు పట్టీలు విడివిడిగా కనిపించాలి. ఒక పట్టీ రాకపోతే టిష్యూను గోరువెచ్చటి నీటితో తడిపి, పిండి మళ్లీ ఆనించండి. అప్పటికీ రాకపోతే టిష్యూను ఫొటో తీసి రిటర్న్ పెట్టేయండి. రంగులన్నీ కలిసి బురదగా పడితే లోపలి అరలు కలిసిపోయాయని అర్థం, అదీ వెనక్కే.

బిగించాక అలైన్‌మెంట్ పేజీ, నాజిల్ చెక్ (హెడ్ రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో చూపే పేజీ) ప్రింట్ చేయండి. హెడ్ క్లీనింగ్ రెండు సార్లకు మించి చేయకండి, ప్రతిసారీ ఇంక్ తాగుతుంది. చిన్న చారలుంటే కార్ట్రిడ్జ్‌ను ప్రింటర్‌లోనే ఒక రాత్రి వదిలేసి పొద్దున చూడండి, చాలాసార్లు లోపలి గాలి సర్దుకుంటుంది.

9. మెసేజ్‌లు చూసి భయపడొద్దు

హెచ్‌పీలో వాడినది లేదా నకిలీ అని హెచ్చరిక వస్తే ఓకే నొక్కి ముందుకెళ్లండి. రీఫిల్, రీమాన్యుఫాక్చర్డ్ వేటికైనా అది వస్తుంది. ఇంక్ లెవెల్ ఖాళీగానో ప్రశ్నార్థకంగానో చూపిస్తుంది, ఇక మీదట అక్షరాలు మసకబారడమే మీ లెవెల్ మీటర్. కానన్ ఎంజీ2570ఎస్ లాంటి వాటిలో ఈ13, ఈ16 అని వస్తే ఇంక్ అయిపోయిందని అది అనుకుంటోందన్నమాట. స్టాప్ బటన్‌ను ఐదు సెకన్లకు పైగా నొక్కిపట్టుకుంటే ఇంక్ లెక్క ఆపేసి ప్రింట్ చేస్తుంది. నిజంగా ఇంక్ ఉందని తెలిసినప్పుడే ఇలా చేయాలి, లేకపోతే పైన చెప్పినట్టు హెడ్ కాలుతుంది. కార్ట్రిడ్జ్ గుర్తించలేదని వస్తే తీసి, కాంటాక్టులను పీచు రాలని పొడిగుడ్డతో మెల్లగా తుడిచి మళ్లీ పెట్టండి.

రంగుల కార్ట్రిడ్జ్ ఎండిపోయి, మీకు కావాల్సింది నల్ల అక్షరాలే అయితే కొత్తది వెంటనే కొనక్కర్లేదు. రెండు కార్ట్రిడ్జ్‌ల హెచ్‌పీ డెస్క్‌జెట్‌లలో పాడైనదాన్ని తీసేస్తే ఒక్కదానితోనే పనిచేసే మోడ్‌లోకి వెళ్తుంది. కానన్‌లో రెండూ లోపలే ఉండాలి, కంప్యూటర్‌లోని ప్రింటర్ డ్రైవర్‌లో ఇంక్ కార్ట్రిడ్జ్ సెట్టింగ్స్ తెరిచి బ్లాక్ ఓన్లీ ఎంచుకోవాలి. ఎండాకాలంలో ప్రింటర్‌ను కిటికీ పక్కన పెట్టకండి, పది రోజులకొకసారి రంగుల పేజీ ఒకటి కొట్టండి. తీసేసిన కార్ట్రిడ్జ్‌ను చెత్తలో వేయొద్దు, మన ఈ-వేస్ట్ నిబంధనల కింద ప్రింటర్ కార్ట్రిడ్జ్‌లు కూడా వస్తాయి. హెడ్ పాడవని ఖాళీ 803, 805, 745 లనైతే రీఫిల్ షాపులో అడిగి చూడండి, వాళ్లకు ఖాళీలతో ఎప్పుడూ పని ఉంటుంది.